రెండోసారి అడగని ఫోటో సత్తయ్య

ఫోటో సత్తయ్య ఇక లేడన్న దుర్వార్త పాలపాకెట్లతో పాటే మా గుమ్మానికి వచ్చింది. చెప్పిన పాలాయన మీద కస్సుమన్నాను. పొద్దున్నే ఏం పాడు మాటలవి అని కసురుకున్నాను. నిన్న సాయంత్రం నాచారం మార్కెట్లో కాకరకాయలు బేరమాడుతూ కనిపించిన మనిషి నిద్రలోనే గుండె ఆగి పరమపదించాడంటే ఎవరైనా ఎలా నమ్ముతారు? గబగబా చెప్పులు తొడుక్కుని వెళ్లేసరికి ఆయన ఇంటి ముందు టెంటు వేస్తున్నారు. అప్పుడు నమ్మక తప్పలేదు.

నేను గోదావరి ఒడ్డునుంచి వచ్చి, ఇక్కడి బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. సత్తయ్య నల్గొండ పల్లెనుంచి నాచారం ఫ్యాక్టరీలో పనికొచ్చి, అది మూతపడ్డాక మురుగు నాలా పక్క గల్లీలో స్టూడియో పెట్టుకున్నాడు. పాస్‌పోర్టు ఫోటో కోసం మొదటిసారి వెళ్లినప్పుడు బిగుసుకుపోయి కూర్చున్నాను. "టీచరమ్మా, పిల్లలను తిట్టేటప్పుడు ఎట్లుంటవో గట్లనే ఉండు జర" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, అతను చటుక్కున నొక్కేశాడు. నా జన్మలో బాగా పడిన ఫోటో అదొక్కటే. ఆనాటినుంచి అక్కా అన్నాడు. తోడబుట్టినవాళ్లు కూడా ఆ పిలుపుకు అంత మర్యాద ఇవ్వరు.

పెళ్లిళ్లూ బారసాలలూ ఆయనకు జీవిక. నాలా గట్టు మాత్రం ఆయన తపస్సు. ఆదివారం వచ్చిందంటే కెమెరా మెడలో వేసుకుని గట్టు వెంబడి నడిచేవాడు. రేకుల ఇళ్లు స్లాబు ఇళ్లయ్యాయి, వాటి మీద అంతస్తులు లేచాయి, ఉప్పల్‌కు మెట్రో వచ్చాక అపార్ట్‌మెంట్లూ వచ్చాయి. ఈ పరిణామక్రమాన్నంతా ఆ మహానుభావుడు అదే గట్టు మీద నిలబడి ఫోటోలు తీశాడు. ఎవరూ తీయమనలేదు, ఎవరూ భేష్ అనలేదు.

మా బస్తీవాళ్లకు నాలా అంటే తలవంపు. సత్తయ్య కనబడితే చాలు, ఇంటిల్లిపాదీ పెళ్లిబట్టలు కట్టుకుని సిద్ధం. మురుగు కనబడకూడదని వెనకాల ఇద్దరు నిలబడి మంచి దుప్పటి ఒకటి అడ్డంగా పట్టుకునేవాళ్లు. "మన బస్తీల నాలా యాడుంది అక్కా, అన్ని పూల దుప్పట్లే" అని నవ్వేవాడు.

ఒక ఆషాఢంలో, బోనాలకు ముందు, దుప్పట్లు లేని ఫోటోలు ఏరి కమ్యూనిటీ హాల్లో గోడలకు పెట్టాడు. చూస్తుంటే ఒళ్లు గగుర్పొడిచింది. వాటిలో యాదమ్మది ఒకటి. ఆమె బిస్కెట్ ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేసేది. ఏళ్ల కిందట నాలా పొంగిననాటి ఫోటో అది. మోకాలి లోతు నీళ్లలో, ఇంటి గడప మీద, చంకలో పసిపిల్ల, నెత్తిన బియ్యం గిన్నె. ఆ ఫోటో చూసి యాదమ్మ గొంతు పెంచలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "అన్నా, రేపు నా బిడ్డను సూడనీకి వస్తున్నరు. గీ నీళ్లల్ల ఇల్లు సూస్తె మా పిల్లను జేసుకుంటరా?" అంది.

సత్తయ్య ఆమె ఫోటో ఒక్కటే కాదు, అన్నీ దించేశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇది చరిత్రయ్యా, ఒకామె కోసం చరిత్రను అటకెక్కిస్తావా అని దులిపేశాను. తాపీగా విన్నాడు. "ఫోటో నాదే అక్కా. ఇజ్జత్ ఆమెది గద" అన్నాడు. ఆ సంబంధం కుదిరింది, పెళ్లి ఫోటోలు సత్తయ్యే తీశాడు.

అప్పటినుంచి ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు. మొదట దుప్పటితో ఫోటో తీసి, ప్రింటు వాళ్లకు ఇచ్చేవాడు. ఆ తర్వాత, ఒప్పుకుంటేనే, దుప్పటి లేకుండా ఇంకొకటి. అది బయట పెట్టవచ్చునా అని ఒకేసారి అడిగేవాడు, వద్దంటే పెట్టెలోకి. కొన్నాళ్లకు పుస్తకాలు అచ్చువేసేవాళ్లెవరో వచ్చి వీటన్నిటినీ పుస్తకంగా వేస్తామన్నారు. ఆయన కళ్లు మెరవడం నేను చూశాను. పోయేలోపల తన ఫోటోలన్నీ ఒక్కచోట చూసుకోవాలన్నదే ఆయన ఏకైక కోరిక. కానీ యాదమ్మతో పాటు కొందరు వద్దన్నారు కదా, కుదరదని పంపేశాడు. ఇంకోసారి అడిగి చూడరాదా అని పోరాను. "ఒక్కపారి వద్దన్నోళ్లను మళ్ల అడిగితె మొహమాటానికి ఊ అంటరు. గసొంటి ఊ నాకెందుకు అక్కా?" అన్నాడు.

పెద్దకర్మనాడు యాదమ్మ నారపల్లినుంచి బస్సెక్కి వచ్చింది. నాలా పనుల్లో ఇల్లు పోయాక అక్కడే ఉంటోంది. మా గట్టూ ఇప్పుడు లేదు. నాలా మీద స్లాబు పరిచారు, దాని మీద ఆటోలు ఆపుకుంటున్నారు. ఆమె సరాసరి సత్తయ్య భార్య లక్ష్మి దగ్గరికి వెళ్లి, నా ఫోటో ఉన్నదా వదినా అని అడిగింది. లక్ష్మి లోపలినుంచి తెచ్చి చేతిలో పెట్టింది. యాదమ్మ దాన్ని చూసుకుని నావైపు తిరిగింది.

"మా మనవరాలు నమ్ముతలేదు టీచరమ్మా, వాళ్లమ్మను గిట్ల నీళ్లల్ల నిలబడి పెంచిన్నంటె. గోడకు పెట్టుండ్రి. నలుగురు సూడనీ" అంది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "అన్న మళ్లొక్కపారి అడుగుతడేమోనని మస్తు దినాలు సూసిన. అడగకనేపాయె" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఇంకొక్కసారి అడిగి ఉంటే ఈ మనిషి కోరిక తీరేది కదా అనిపించింది. కానీ మళ్లీ అడిగే రకమే అయితే, ఇంతమంది ఆయన ముందు దుప్పటి దించేవాళ్లా? మమ్మల్ని మేము సిగ్గుపడకుండా చూసుకునేదాకా ఓపిక పట్టినవాడు మాకు మరొకడు దొరకడు.

మిగిలినవాళ్లు కూడా ఒక్కొక్కరే వచ్చి సరేనంటున్నారు. ఈ బోనాలకు అదే హాల్లో నీ ఫోటోలన్నీ పెడుతున్నాం తమ్ముడూ. ఎవరి ఫోటో పక్కన వాళ్లే నిలబడి పిల్లలకు చెప్పుకుంటారట. గోడలు చాలేట్టు లేవు. చూసుకోవలసినవాడివి, నువ్వొక్కడివే లేవు.