విప్పకూడని తాడు

2018 నవంబరులో నేను ఆదోనిలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో హెడ్ బుకింగ్ క్లర్కును. పత్తి గింజ తీసి బేళ్లు కట్టే జిన్నింగ్ మిల్లుల సరుకుకు లారీలు కుదర్చడం నా పని. ఆ సీజనులో నేషనల్ పర్మిట్ బండ్లు మంచి బాడుగ కోసం తమిళనాడు దారి పట్టేవి. మాకు మిగిలేవి రాష్ట్రం దాటకూడని స్టేట్ పర్మిట్ బండ్లు. అవి గుంటూరు నూలు మిల్లులకు తిరిగేవి. బండి దొరకడమే కష్టం కనుక, దొరికిన రోజున జిన్నింగ్ మిల్లువాళ్లు అప్పుడే కట్టిన బేళ్లను కూడా ఎక్కించేసేవారు.

పద్నాలుగో తేదీ బుధవారం ఉదయం దేవనకొండ ఈరన్న లారీకి వంద బేళ్లు ఎక్కించాం. బేలు నూట డెబ్బై కిలోలు, మొత్తం పదిహేడు టన్నులు. ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, మంటలార్పే సిలిండరు నేనే చూసి పంపాను. ఎమ్మిగనూరు చేరగానే ఈరన్న ఫోను చేశాడు.

“అక్కా, కాలిన గుడ్డ వాసన వస్తాంది. టార్పాలిన్ సందులో పొగ. తాడు ఇప్పి సూస్తా.”

జిన్నింగ్ యంత్రంలో పుట్టిన నిప్పురవ్వ బేలు నడుమ చిక్కితే గంటల తరబడి లోలోపలే రాజుకుంటుంది. గాలి తగిలితే మంట లేస్తుంది. బండి ఎక్కడ ఆపావని అడిగాను. చేనేత వీధి పక్కన, ఇళ్ల ముందు నేత నూలు పడుగులు సాగదీసి ఉన్నాయన్నాడు. తాడు కోసెయ్యమని జనం అరవడం నాకు వినిపిస్తోంది.

విప్పొద్దని, గోనెగండ్ల దారిలో ఖాళీ చేను దాకా మెల్లగా తోలుకుపొమ్మని చెప్పాను.

“నువ్వు ఆడ కుర్చీలో కూసోని సెప్తాండావు. ఈడ నా ఈపు కాలతాంది. నీ కొడుకైతే పొమ్మంటావా?”

“ఇప్పితే ఆ వీధి మిగలదు ఈరన్నా. కట్టు బిగువుగా ఉన్నంతసేపు మంట లేవదు. చేను రాగానే దిగి దూరంగా పో.”

ఎంతసేపు లేవదో నాకు తెలియదు. ఆ సంగతి అతనికి చెప్పలేదు. ఫైరింజనుకు కబురు చేసి మళ్లీ ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. ఇంకోసారి చేశాను, ఎత్తలేదు. మూడోసారి అతనే చేశాడు.

“సేన్లో ఇడ్సినా. దూకితే కాలు మడతపడింది. ఇంగ దీన్ని నువ్వే వచ్చి తోలుకో తల్లీ!”

నేను వెళ్లేసరికి ఫైరువాళ్లు నీళ్లు పట్టి ఒక్కొక్క బేలే దించుతున్నారు. నడుమ వరుసలో ఒకదాని కట్లు కోయగానే లోపల ఎర్రగా నిప్పు. కోయకముందు దాని తడవని పక్కల మీద నేను చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది.

రిటైరయ్యేదాకా అప్పుడే కట్టిన బేలును లోడుకు ఒప్పుకోలేదు, బండ్లు వెనక్కి పోయినా సరే. ఒక రోజు విడిగా ఉంచి చూడమనేదాన్ని. చెయ్యి పెట్టి చల్లగా ఉందని చెప్పినవాళ్లకూ అదే మాట చెప్పాను.