చెంగమ్మ అడిగిన ప్రశ్న

1946లో నేను చిత్తూరు ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా పనిచేస్తున్నాను. యుద్ధం ముగిసింది గాని బియ్యానికీ చక్కెరకూ ఇంకా రేషనే. దొరలు వెళ్ళిపోతారట, ఇక ఆ భాష ఎవరికి కావాలి అని వీధి అరుగుల మీద వాదించినవాళ్ళే మరునాడు కూతుళ్ళను వెంటబెట్టుకొని, కాస్త ఇంగ్లీషు చెప్పమని మా ఇంటికి వచ్చేవాళ్ళు.

అప్పటి మా బోధన ఎలా ఉండేదో నేటివాళ్ళకు చెప్పాలి. పాఠం చదివించేవాళ్ళం. డిక్టేషన్ ఇచ్చేవాళ్ళం, అంటే నేను చదువుతుంటే పిల్లలు తప్పుల్లేకుండా రాయాలి. పార్సింగ్ చేయించేవాళ్ళం, అంటే వాక్యంలోని ఒక్కొక్క మాటను విడదీసి ఇది నామవాచకం, ఇది క్రియ అని చెప్పించడం. ఇంత చేసినా స్కూలు ఫైనలు పాసైన పిల్ల స్టేషన్లో గార్డుతో ఒక్క మాట మాట్లాడలేకపోయేది. అది మా తప్పని ఎవరూ అనుకోలేదు. ఇంగ్లీషంటే అంతే అనుకున్నాం.

ఆ ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున కార్వేటినగరం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పేరు మునిరత్నం, బండి తోలుకుంటాడు. ఆయన వెనక ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ మనిషి నిలబడి ఉంది. ఆమె చేయి పట్టుకొని ఒక చిన్నపిల్ల.

"నా కూతురు చెంగమ్మ, టీచరమ్మా. మగడు పోయి రెండేండ్లయింది. ఇది దాని బిడ్డ, కాంతం. ఈడ మిషను ఆస్పత్రిలో నర్సు పనికి సదివిస్తారంట. ఇంగిలీసు రావాలన్నారు. నువ్వే ఎట్లన్నా నేర్పియ్యాల."

"ఇంటర్వ్యూ ఎప్పుడు పెద్దాయనా?"

"ఎండాకాలంలో అంట. అందాకా దీని చిన్నమ్మ ఇల్లు ఈ ఊళ్ళోనే ఉండాది, ఆడ ఉంటాది."

చెంగమ్మ పెళ్ళికి ముందు థర్డ్ ఫారం వరకు, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. ఏం గుర్తుందో చెప్పమన్నాను. కళ్ళు మూసుకొని ఇంగ్లీషు రీడర్లోని ఒక పాఠం మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పింది. ఒక్క మాట తప్పలేదు. ఆశ్చర్యపోయి ఇంగ్లీషులోనే అడిగాను.

"వాట్ ఈజ్ యువర్ ఫాదర్?" మీ నాన్న ఏం చేస్తాడని.

"ఐ యామ్ క్వైట్ వెల్, థాంక్యూ మేడమ్."

"ఆర్ యూ ఎ బాయ్?"

"ఎస్ మేడమ్."

మునిరత్నం మాకేసి గర్వంగా చూస్తున్నాడు. కూతురు గడగడా జవాబులిస్తోందని ఆయన సంతోషం. ఆయన ముందు నవ్వితే బాగుండదని నేను నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాను.

స్కూలు వదిలాక సాయంత్రాలూ, శని ఆదివారాలూ పాఠం మొదలుపెట్టాను. అప్పుడు డైరెక్ట్ మెథడ్ అనేది ఒకటి ట్రెయినింగ్ కాలేజీలో చెప్పేవాళ్ళు. తెలుగు మాటే వాడకుండా, వస్తువు చూపించి దాని పేరు చెప్పి, పని చేస్తూ ఆ పని పేరు చెప్పి నేర్పడం. నలభైమంది ఉన్న క్లాసులో అది సాగదు గాని ఒక్క మనిషికి సాగుతుంది. మా వంటింట్లో గిన్నె, గరిటె, పొయ్యి, చేట అన్నిటికీ ఇంగ్లీషు పేర్లు వచ్చాయి. తలుపు తీస్తూ, నీళ్ళు పోస్తూ, బట్ట మడుస్తూ మాట్లాడుకున్నాం. చెంగమ్మ చురుకైన మనిషి. నెల తిరిగేసరికి నేను ఏం అడిగినా చిన్నచిన్న వాక్యాల్లో జవాబు చెప్పేది.

కాని తనంతట తాను ఏదీ అడిగేది కాదు. అర్థంకాకపోయినా "ఎస్ మేడమ్" అనే తలూపేది. ఒకరోజు కావాలనే లేనిపోని మాటలు కలిపి అర్థంలేని వాక్యం ఒకటి చెప్పాను. దానికీ తలూపింది. నాకు విసుగొచ్చింది.

"తెలియకపోతే అడగవేం చెంగమ్మా?"

"నేను అడగడమేంది టీచరమ్మా? మీరు గదా అడగాల్సింది, నేను సెప్పాల్సింది."

"రేపు ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది అర్థంకాకపోతే ఏం చేస్తావు?"

ఆ మాటకు ఆమె చేతిలో మడుస్తున్న గుడ్డ అలాగే ఆగిపోయింది. తల ఎత్తకుండా చెప్పింది.

"మా ఇంటాయనకు జరమొచ్చి ఆస్పత్రిలో ఏసినాము టీచరమ్మా. డాక్టరు దొర పొద్దున్నే వచ్చి నాడి సూసి, కాంపౌండరుకు ఇంగిలీసులో ఏమో సెప్పినాడు. కాంపౌండరు నా తట్టు తిరిగి, 'ఏం బయంలేదు లేమ్మా' అన్నాడు. దొర సెప్పింది అది కాదని కాంపౌండరు మొగం సూస్తేనే తెలిసిపోయింది. నేనూ థర్డు ఫారం సదివినదాన్నే గదా. అడుగుదామని నోరు తెరిసినాను. మాట రాలేదు."

నేను పీట జరుపుకొని ఆమె పక్కన కూర్చున్నాను.

"అడిగింటే బతికేవాడని కాదు టీచరమ్మా. తెలిసింటే పక్కనే కూసోనుండేదాన్ని. గంజి కాసుకొద్దామని సత్రానికి పోయినాను. వచ్చేతలికి అయిపోయినాడు."

ఆ రోజు ఇక పాఠం జరగలేదు. ఆమె వెళ్ళాక చాలాసేపు అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆమెకు ఇంగ్లీషు రాలేదనడం సరికాదు. బడిలో మేం జవాబులు నేర్పాం. ప్రశ్న మా దగ్గరే పెట్టుకున్నాం.

మరునాటి నుంచి పాఠం తిరగేశాను. ఇక అడగడం చెంగమ్మ వంతు, జవాబు నా వంతు. ముందుగా ప్రశ్న ఎలా కట్టాలో చెప్పాను. మన భాషలో "వచ్చాడు" అనే మాట చివర కాస్త దీర్ఘం తీస్తే "వచ్చాడా" అని ప్రశ్న అయిపోతుంది. ఇంగ్లీషులో క్రియ లేచి ముందుకొచ్చి నిలబడుతుంది. "హి ఈజ్ హియర్" అంటే ఇక్కడున్నాడని, "ఈజ్ హి హియర్" అంటే ఇక్కడున్నాడా అని.

చెంగమ్మ రెండూ పలికి చూసుకొని పకపకా నవ్వింది. "మనకు తోకలో ఉండేది వాళ్ళకు తలకాయలో ఉండాదే!"

ట్రెయినింగ్ కాలేజీలో ఎవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు నాకు.

ఆ తర్వాత డ్రిల్ పెట్టాను. డ్రిల్ అంటే ఒకే అచ్చులో మాటలు మారుస్తూ నోటికి పట్టేదాకా పలికించడం. అదీ వంటింట్లోనే. కాఫీ పెట్టమని చెప్పి, బెల్లం దాచేసి, నోరు మూసుకొని కూర్చునేదాన్ని. తెలుగులో అడిగితే నాకు వినపడదు. చెంగమ్మ తడబడుతుంటే, గడపలో కూర్చున్న కాంతం ఒకసారి అరిచింది. "వేర్ ఈజ్ బెల్లం?" ముగ్గురం నవ్వాం. అంతటితో చెంగమ్మకు బిడియం సగం వదిలింది. ఏప్రిల్ వచ్చేసరికి నన్ను ప్రశ్నలతో ఊపిరాడనిచ్చేది కాదు. అన్నీ ఒప్పులని కాదు. "వై యూ ఆర్ నాట్ ఈటింగ్ మేడమ్?" అనేది. అర్థం తెలుస్తోంది, అడుగుతోంది. క్రియ స్థానం నెమ్మదిగా దిద్దుకోవచ్చు.

ఇంటర్వ్యూ దగ్గరపడ్డాక అసలు చిక్కు వచ్చింది. నర్సు ట్రెయినింగ్ మూడేళ్ళు, ఆసుపత్రి హాస్టల్లోనే ఉండాలి. బిడ్డలున్నవాళ్ళను చేర్చుకోరని ఎవరో చెప్పారు. నిజమో కాదో తెలియదు. మునిరత్నం ఊరినుంచి పరుగున వచ్చాడు.

"మ్మే, బిడ్డ సంగతి ఆడ ఎత్తొద్దు. కాంతాన్ని మేం సాకుతాం. సేరినాక సూసుకోవచ్చు."

"సేరినాక తెలిస్తే, నాయనా?"

"నీ నోట్లోనించి రాకపోతే ఎవురికి తెలస్తాది?"

చెంగమ్మ నా వైపు చూసింది. కాంతం మా పిల్లి వెనక పరుగెడుతూ ఉంది. "వాళ్ళు అడిగితే అబద్ధం చెప్పొద్దు. అడగకపోతే నీ ఇష్టం" అన్నాను. అంతకంటే చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఇంటర్వ్యూ రోజు కాంతాన్ని చిన్నమ్మ ఇంట్లో వదిలిపెట్టి ముగ్గురం వెళ్ళాం. నేనూ మునిరత్నమూ వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. గది తలుపు ఓరగా తెరిచి ఉండటంతో మాటలు వినపడుతున్నాయి. మేట్రన్, అంటే నర్సులందరి మీదా అధికారి, ఒక పెద్ద వయసు ఇంగ్లీషు దొరసాని. గబగబా మాట్లాడేది. చెంగమ్మ చేత కొంత చదివించింది. డిక్టేషన్ ఇచ్చింది. మధ్యలో ఒకచోట చెంగమ్మ గొంతు వినపడింది. "ప్లీజ్ మేడమ్, విల్ యూ సే ఇట్ అగైన్?" మళ్ళీ చెప్పమని అడిగింది. నాకు ప్రాణం లేచివచ్చింది.

చివరికి మేట్రన్ నువ్వేమైనా అడగాలా అంది. ఇలాంటిచోట అందరూ "నో మేడమ్" అని లేచి వస్తారు. లోపల అలికిడి లేదు. మునిరత్నం నా మొహంలోకి చూశాడు. ఆయనకు మాటలు తెలియకపోయినా ఆ నిశ్శబ్దం తెలిసింది.

"ఎస్ మేడమ్. ఐ హావ్ ఎ డాటర్. షి ఈజ్ ఫైవ్. కెన్ ఐ సీ హర్ వన్ సండే ఎవ్రీ మంత్?"

నాకో కూతురుంది, అయిదేళ్ళది, నెలకొక ఆదివారం చూసుకోవచ్చా అని. క్రియ ముందుకొచ్చి సరిగ్గా నిలబడింది గాని, ఆ క్షణాన వ్యాకరణం నా మనసులో లేదు. "బిడ్డ సంగతి చెప్పేసింది" అని గొణిగాను. మునిరత్నం తలమీది గుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఓన్లీ వన్?" అంది మేట్రన్, ఒక్క ఆదివారమేనా అన్నట్టు.

"మై విలేజ్ ఈజ్ ఫార్, మేడమ్."

"అండ్ ఇఫ్ ఐ సే నో?" కాదంటే ఏం చేస్తావని.

"ఐ విల్ ఆస్క్ అగైన్, మేడమ్."

మళ్ళీ అడుగుతానంది. మేట్రన్ నవ్వు వరండాలోకి వినిపించింది. బిడ్డను ఎవరు చూసుకుంటారు, ఊరికి బస్సు ఎలా ఉంది అని అడిగి, ఒక్కరోజులో పోయి రాలేవు కదా, నెలకొకసారి శని ఆదివారాలు రెండూ తీసుకో అంది. జూన్లో వచ్చి చేరమంది. చెంగమ్మ బయటికొచ్చి తండ్రికి ఈ మాట చెప్పగానే ఆయన వరండాలోనే చతికిలబడి, గుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు.

చెంగమ్మ ట్రెయినింగ్ పూర్తిచేసి అదే ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు అయింది. ఊళ్ళో చిన్న ఇల్లు బాడుగకు తీసుకొని కాంతాన్ని తెచ్చుకుంది. ఆ పిల్ల మా స్కూల్లోనే చేరింది.

చెంగమ్మ ఆసుపత్రిలో చేరిన జూన్లోనే మా స్కూలూ తెరిచారు. మొదటిరోజు ఫోర్త్ ఫారం క్లాసుకు వెళ్ళి, సుద్దముక్క బల్లమీద పెట్టి, ఈరోజు మీరే ఇంగ్లీషులో నన్ను అడగాలి, ఏమడిగినా జవాబు చెబుతాను అన్నాను. అందరూ తలలు దించుకున్నారు. నేను కుర్చీ లాక్కొని కూర్చున్నాను. చాలాసేపటికి వెనక బెంచీలో ఒక పిల్ల లేచింది.

"మేడమ్, హౌ ఓల్డ్ ఆర్ యూ?"

క్లాసంతా బిగుసుకుపోయింది. టీచరు వయసు అడిగినందుకు ఆ పిల్లకు బెంచీ ఎక్కే శిక్ష తప్పదనుకున్నారు.

"ఐ యామ్ థర్టీఫోర్" అన్నాను. "నెక్స్ట్ క్వశ్చన్?"

ఒకేసారి పది చేతులు లేచాయి.