కోతకు ముందు పసుపు

పెద్దమ్మ పోయిందని గుడియాత్తం నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను తొరపాడిలో మా ఇంట్లో ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను.

ఆమె మా అమ్మకు అక్క. గుడియాత్తం బయట ఒక గోడౌన్‌లో పనిచేసేది. అమ్ముడుపోక మిగిలిన ఎక్స్‌పోర్టు బట్టలు అక్కడికి వచ్చేవి. అవి చవగ్గా బజారుకెక్కితే కంపెనీ పేరు పోతుందట. అందుకని ఎవరూ తొడుక్కోలేనట్టు నిలువునా కోయాలి. ఆ కోతే పెద్దమ్మ పని.

కొత్తబట్టకు మూల పసుపు పెట్టనిదే మనం తొడుక్కోము కదా. పెద్దమ్మ కొంగున పసుపు పొట్లం కట్టుకుని పనికి పోయేది. ప్రతి బట్టకూ లోపలి అంచున చుక్క పెట్టి, ఒక్క క్షణం భుజానికి ఆనించుకుని, అప్పుడు కత్తెర వేసేది. చించేదానికి పసుపెందుకు, పెళ్లి చేస్తావా అని సూపర్‌వైజరు ఎగతాళి చేశాడట.

"పుట్టిన గుడ్డ ఒకరి ఒంటినైనా తాకి పోవాల గదా నాయనా" అందట ఈమె.

ఇంట్లో ఊరికే కూర్చున్నా ఆమె వేళ్లు పైట అంచును తడుముతూనే ఉండేవి. పోయిన సెలవుల్లో పుస్తకంలోంచి నన్ను లేపి చెప్పింది: "నేను పోతే కొత్తచీరలు నాతో కాటికి పంపొద్దు. కట్టేవాళ్లకి ఇయ్యమని నువ్వే చెప్పాల."

"నేనా పెద్దమ్మా?"

"నోరు తెరవనోళ్లు చెప్తేనే ఇంటారు."

పెద్దమ్మ పోయిన రోజు బంధువులు కవర్లు కూడా విప్పని చీరలు తెచ్చారు. శవం మీద కప్పి, కాటిలో వదిలేయడం మా ఆనవాయితీ. కాన్వెంటు బడిలో అలవాటైన మెల్లని గొంతుతో వద్దన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్లీ చెప్పాను.

"పుట్టింటి చీర లేకుండా పంపేదానికి మాయక్క దిక్కులేనిదా అమ్మా?" అన్నాడు మామ.

చివరికి అన్నీ కప్పారు. పాడె లేచేముందు అమ్మ ఒక్కొక్కటే తీసి నా చేతుల్లో పెట్టింది. పుట్టింటి చీర మాత్రం పెద్దమ్మతో పోయింది.

మిగతావి తీసుకోమని ఇల్లిల్లూ అడిగాను. పీనుగ మీద చీర ఎవరు కడతారు పాపా అన్నారు. ఇప్పుడవి మా బీరువాలో ఉన్నాయి. వేలూరు బజారులో అద్దాల వెనక వేలాడే బట్టలను చూస్తే, వీటిలో కోతకు పోయేవి ఏవోనని నిలవలేక వచ్చేస్తున్నాను.

ఇవాళ పసుపు తెచ్చి చీరలన్నిటికీ మూలల్లో చుక్కలు పెట్టాను. పైనున్నదాన్ని విప్పి భుజాన వేసుకున్నాను. గంజి బిరుసు ఇంకా పోలేదు. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత వచ్చి, చీరను నా నడుముకు చుట్టి, నా ముందు కూర్చుని, కుచ్చిళ్లు సర్దసాగింది.