ఇద్దరూ వేసుకోవాల్సిన మందు

దిల్‌సుఖ్‌నగర్‌లోని లేడీ డాక్టర్ దగ్గరికి అదే ఇన్‌ఫెక్షన్‌తో మళ్లీ వెళ్లాను. "ఇది భార్యాభర్తల మధ్య తిరిగే జబ్బమ్మా. మీవారు కూడా మందులు వాడకపోతే మీకు మళ్లీ వస్తూనే ఉంటుంది," అని ఆవిడ ఎప్పటిలాగే చెప్పారు. మావారిదీ ఎప్పుడూ ఒకటే మాట: "నాకేం లేదు, నేనెందుకు రావడం?"

బయట మందుల కోసం కూర్చున్నప్పుడు, పక్కనే బడంగ్‌పేట్ నుంచి వచ్చిన ఒక జంట ఉంది. ఆమెకూ ఇదే బాధని వాళ్ల మాటల్లో తెలిసింది. ఆమె కళ్లు తుడుచుకుంటుంటే, "గంత పరేషాన్ ఎందుకు? నేను గూడ గోలీలు ఏసుకుంట గదా," అన్నాడు భర్త మెల్లగా.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి నగలు చూసీ నేనంతగా కుళ్లుకోలేదు.

ఎల్బీనగర్‌లోని ఇంటికి రాగానే, "మీరు పరీక్ష చేయించుకునేదాకా నేను హాల్లోనే పడుకుంటాను," అని చెప్పేశాను. చాలా రోజులు పంతం పట్టి, చివరికి డాక్టర్ దగ్గరికి వచ్చారాయన. నేనెవరో తెలియనట్టు అక్కడ నాకు దూరంగా కూర్చుని ఫోన్ చూసుకున్నారు. అయినా మందులు వేసుకున్నారు. ఇద్దరికీ నయమైంది.

నా అసూయ మాత్రం తగ్గలేదు. నేను అంత పోట్లాడి తెచ్చుకున్నది ఆమెకు ఊరికే దొరికిందని ఇప్పటికీ ఉక్రోషమే.