సుల్తాన్ అధికారాలు చెప్పిన మా లావణ్య

ఆ ఆదివారం పంజాగుట్టలో నా టైలర్ షాపు తెరవలేదు. పొద్దున ఏడున్నరకు మా అమ్మాయి లావణ్యను వెంటబెట్టుకుని గోల్కొండకు బయల్దేరాను. మధ్యాహ్నం మూడింటికి అమీర్‌పేటలోని ఒక కోచింగ్ సెంటర్లో ఆమె డెమో క్లాసు చెప్పాలి. నచ్చితే ఉద్యోగం. చరిత్రలో ఎమ్మే చేసింది, ఏది అడిగినా చెబుతుంది. కొత్తవాళ్ల ముందు నిలబడితే మాత్రం గొంతు పెగలదు. ఇంతకుముందు రెండు చోట్ల పాఠం సగంలోనే వదిలేసి వచ్చింది. ఈసారి ఇచ్చిన పాఠం సుల్తానుల అధికారాలు.

"ఇంట్ల గోడలకు చెప్పుడెందుకు? సుల్తాన్ కూసున్న కాడనే చెబ్దువు పా," అన్నాను.

మెహదీపట్నంలో బస్సు మారాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, ఆమె ఆధార్ చూపిస్తే సున్నా టికెట్, నాకే డబ్బులు. తొమ్మిదింబావుకు కోటలో ఉన్నాం. వెళ్లేవాళ్లు ఎండ ముదరకముందే మెట్లెక్కండి, నీళ్లు కిందే కొనుక్కోండి. నా మోకాళ్లకు పైదాకా ముప్పావు గంట పట్టింది.

పైన దర్బారు మంటపంలో జగిత్యాల కుటుంబమొకటి నీడకు కూర్చుంది. వాళ్ల పెద్దాయన నన్నడిగాడు: "గీడ కూసున్నోడు ఏం జేసినా అడిగెటోడే ఉండకపోవు గదా?"

"నాకేం ఎరుక? మా బిడ్డనడుగున్రి."

లావణ్య నావైపు గుర్రుగా చూసింది. మొదట మాట వణికింది. "శుక్రవారం నమాజుల ఆయన పేరు చదవాలె, నాణెం మీద ఆయన పేరుండాలె. గీ రెండుంటెనే సుల్తాన్. ఫౌజు ఆయనదే. జాగీర్లిచ్చుడు, గుంజుకునుడు ఆయనిష్టమే. ఆఖరి తీర్పు సుత ఆయనదే."

"మరి అడ్డే లేదా?"

"ఎందుకు లేదు తాతా! షరియత్‌ను మార్చే హక్కు ఆయనకు లేదు. ఫౌజులు నడిపే సర్దార్లు తిరగబడితే గద్దె సుత ఉండది."

ఇంకో పదిమంది వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఆమె గమనించనేలేదు. మెచ్చినవాడికి సుల్తాన్ ఖిలత్ అనే జరీ అంగీ ఇచ్చేవాడట. అది తొడుక్కుంటే ఆయన మనిషినని ఒప్పుకున్నట్టేనట. సిరిసిల్లలో మగ్గాల ఇంట్లో పుట్టి, ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్న నాకు ఈ సంగతి ఆ రోజే తెలిసింది.

"అవి ఎవరు కుట్టెటోళ్లు?" అని నేనూ గుంపులోంచి అడిగాను.

"సుల్తాన్ కార్ఖానాలల్ల నీ అసొంటోళ్లే, బాపూ!"

అందరూ నవ్వారు. "మస్తు చెప్పినవ్ బిడ్డా," అని పెద్దాయన ఆమె చేతిలో రెండు జామకాయలు పెట్టాడు.

దిగి, మెహదీపట్నంలో భోంచేసి, రెండున్నరకు అమీర్‌పేట చేరాం. నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. ఇరవై నిమిషాల పాఠమన్నారు. నలభై అయినా రాలేదు. చివరికి చెమటతో, నవ్వుతో దిగివచ్చింది.

"వాళ్లు ఆపమనేదాంక ఆపలే, బాపూ. రేపటికెళ్లి నౌకరికి రమ్మన్నరు."

ఇల్లూ పంజాగుట్టలోనే, మెట్రోలో ఒక్క స్టేషనే. అంత పెద్ద కోట తిరిగొచ్చాను గానీ, కళ్లలో నిలిచింది ఆ మంటపంలో నిలబడి మాట్లాడిన మా బిడ్డే. పక్కసీటాయన నన్నేమీ అడగలేదు. అయినా చెప్పాను:

"మా బిడ్డన్నా. అమీర్‌పేటల హిస్టరీ మేడమ్."