ఫొటోలో నా బొటనవేలు

మూడేళ్లుగా మీరు ఈ పేజీలో ‘ఆకు వెనక’ చదువుతున్నారు. రాసేది యేసుపాదం. ఈసారి అది లేదు, ఈ బుల్లయ్య రాత ఉంది. తప్పు నాది కాబట్టి చెప్పుకోవడమూ నా మీదే పడింది.

నేనూ అతనూ కాన్వెంటులో ఒకే బెంచీ. నేను కథలు అల్లేవాణ్ణి, అతను అగ్గిపెట్టెలో పురుగుల్ని పెంచేవాడు. తర్వాత మిరప పరిశోధన చేసేచోట ముప్పై ఏళ్లు పనిచేశాడు. ఆకులు తిప్పి పురుగుల్ని లెక్కపెట్టడమే ఉద్యోగం. రిటైరయ్యాక కూడా మెడలో దారానికి భూతద్దం వేలాడాల్సిందే, చర్చిలోనైనా సరే. ఎవరి చేలోనైనా దిగి, ఆకు తిప్పి చూసి, “వారం ఆగు, మందు కొట్టకు” అని వెళ్లిపోతాడు. చూసింది పెన్సిలుతో రాసి ఈ పత్రికకి పంపేవాడు. మొదటిసారి పేరు అచ్చయిన కాగితాన్ని భార్య సంతోషకుమారి బైబిల్లో దాచుకుంది.

మా టీకొట్లో ఎవరో ఒకరు పేపరు కొంటారు, నేను పైకి చదువుతాను, పదిమంది వింటారు. దాన్ని ఎవరూ దొంగతనం అనలేదు. ఫోను కూడా టీకొట్టు బల్లే అనుకున్నాను. గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లినప్పుడు పత్రిక ఆఫీసులోనే సంచిక తీసుకుని, ‘ఆకు వెనక’ ఫొటో తీసి ‘మిర్చి మిత్రులు’ గ్రూపులో పెట్టేవాణ్ణి. అక్షరాలు పెద్దగా కనపడాలని దగ్గర్నుంచి తీసేవాణ్ణి. పైన శీర్షిక, కింద పేరు ఫొటోలోకి వచ్చేవి కావు. అందులో దురుద్దేశమేమీ లేదు.

కానీ చిలకలూరిపేట నుంచి కోటేష్ “తాతా, నువ్వు రాసినట్టే నీలం జిగురు అట్టలు పెట్టా, తామర పురుగు తగ్గింది” అన్నప్పుడు, “నాది కాదురా” అనలేదు. దండం బొమ్మ పెట్టాను. ఆ ఒక్కసారే కాదు, చాలాసార్లు పెట్టాను.

కిందటి నెల సంచికలో శీర్షిక లేదు. యేసుపాదం ఇంటికి వెళ్లాను. మెడలో భూతద్దం లేదు.

“ఏరా, రాయడం మానేశావా?”

“మాన్పించారు. ఎవరో బుల్లయ్య తాత రాసినవి నేను కాపీ కొట్టి నా పేరు పెట్టుకుంటున్నానట. ఒంగోలు పాఠకుడు ఒకాయన ఫిర్యాదు చేశాడు. పత్రిక పోస్టులో రావడానికి నాలుగు రోజుల ముందే ఫోన్లో చదివేశాడట.”

అతని దగ్గర ఉండేది నొక్కుడు ఫోను. గ్రూపుల సంగతి తెలియదు. లోపలికెళ్లి ఆ పాఠకుడు ఫిర్యాదుతో పాటు పత్రికకి పంపిన ఫొటో కాగితం తెచ్చాడు.

“ఈ వేలు ఎవరిదో చెప్పు.”

ఫొటో అంచున నా బొటనవేలు. గోరు లేదు. పులి కొరికిందని ఊరంతా చెప్పుకు తిరుగుతానే, ఆ వేలే.

“అడిగితే కాదనేవాణ్ణా, బుల్లయ్యా?”

“చర్చిలో కూడా అడిగారన్నయ్యా, మీ ఆయన రాసేవి ఎవరివమ్మా అని,” అంది సంతోషకుమారి. ఎప్పుడూ లేనిది, ఆ రోజు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

అక్కడే నిలబడి గ్రూపులో పెట్టాను: “అవన్నీ యేసుపాదం రాసినవి. నావి కావు.”

“ఇదేం కొత్త కథ తాతా?” అన్నాడొకడు. “పెద్ద మనసు నీది, పేరు కూడా దానం చేస్తున్నావు,” అన్నాడు నాగూర్ వలి. అరవై ఏళ్లు పులుల కథలు చెప్పినవాడి నిజాన్ని ఒక్కరూ నమ్మలేదు.

మర్నాడు పాత సంచికలన్నీ తీసి, ఈసారి పేజీ మొత్తం పడేలా, అతని పేరు కింద నా గోరులేని వేలు పెట్టి మరీ ఫొటోలు పంపాను. నవ్వులు ఆగాయి. కోటేష్ ఒక్కటే అడిగాడు. “మరి ఇన్నాళ్లూ దండాలెందుకు పెట్టావు తాతా?”

గుంటూరు వెళ్లి సంపాదకురాలు లక్ష్మీదుర్గ గారికి ఆ ఫొటోలు గర్వంగా చూపించాను.

“మళ్లీ అదే తప్పు చేశారండీ,” అన్నారావిడ. “పేరు పెట్టారు సరే, అడిగారా? పేజీలకి పేజీలు అలా పంచేస్తే పత్రిక ఎవరు కొంటారు? ముందు అవి తీసేయండి. యేసుపాదం గారిని అనుమానించడం మా తప్పు, నేనే వెళ్లి చెప్తాను. ఆయన ఎవరో మాత్రం మీరు రాయండి, ఆ పేజీలోనే. పులులు లేకుండా.”

రాసింది ముందు అతని దగ్గరికే తీసుకెళ్లాను. నా గొలుసుకట్టు రాత చదవడానికి లోపలికెళ్లి భూతద్దం తెచ్చుకున్నాడు. చివరిదాకా చదివాడు.

“గోరు పోయింది కాన్వెంటు తలుపు సందులో. అది కూడా రాయి.”

రాశాను.

“పంపించనా మరి?”

“పంపించు,” అన్నాడు. “ఫొటో మాత్రం తియ్యకు.”