విత్తనానికి కట్టిన కంకులు

ఈ సాయంత్రం మంచిర్యాల స్టేషన్ బయట మక్క పేలాలు వేయించే వాసన తగలగానే మా అమ్మ గుర్తొచ్చింది. మేము అమ్మను అవ్వ, నాన్నను బాపు అనేవాళ్లం.

ఏటా అవ్వ అన్నిట్లోకి పెద్ద మక్క కంకులు ఏరి, పొయ్యి పొగ తగిలేలా దూలానికి కట్టేది. మస్కట్‌లో ఉన్న బాపు కోసం దాస్తోందనుకుని నాకు కుళ్లు. ఒకరోజు స్టూలెక్కి ఒక కంకి తెంపి, సగం గింజలు ఒలిచి వేయించుకుని తిన్నాను.

చెలుక పొలం నుంచి వచ్చిన అవ్వ నెత్తి కొట్టుకుంది. "ఇత్తనాలు బుక్కితివా దొంగదానా! వానకాలం ఏం పెడ్తనే?"

"బాపుకు కాదా?"

"మీ బాపు ఆడ ఖర్జూరాలు తింటుండు. గివి భూమికి బిడ్డా."

మిగిలిన గింజలు దాచి, తొలకరికి చెలుకలో నా చేతనే ఒక సాలు వెంట పెట్టించింది. "గిది నీ సాలు. తింటవో, ఉంచుతవో నీ ఇష్టం." పంట వచ్చాక ఎవరూ చెప్పకుండానే పెద్ద కంకులు పక్కన పెట్టాను.

ఇప్పుడు ఏది తెచ్చినా నా కూతురు ఆ పూటకే అవగొడుతుంది. రేపటికి ఉంచడం ఎలా నేర్పాలోనని నాకు రోజూ దిగులే. అవ్వ మాత్రం కంకులను అందనంత ఎత్తుకు మార్చలేదు. గింజలు నా చేతికే ఇచ్చింది.

మా బాల్కనీలో నా కూతురికంటూ ఒక కుండీకి చోటుంది.